బందరు ఉప్పుకు పోయినోళ్లు

మచిలీపట్నం,
ఆగస్టు 18

బాపుకు, నీ పక్కన నులక మంచం మీద కూర్చుని వింటున్న అవ్వకు,

మొన్న అవ్వ అన్న మాట మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఫోన్ల మాట చెవిల పడకముందే గాలికి పోతాంది. కాయితం మీద రాసి పంపు బిడ్డా, మీ బాపుతోని మల్లమల్ల సదివించుకుంట" అంది. బాపూ, బడిలో చివరి బెంచీకి వినిపించేలా పాఠం చెప్పేవాడివి కదా, అట్లా చదువు.

బదిలీ మీద ఇక్కడికి వచ్చి నెల దాటింది. వాతావరణ కేంద్రంలో రాడార్ తెర ముందు కూర్చుని సముద్రం మీది మబ్బుల్ని చూడటమే నా పని. సెలవు రోజున ఊరు తిరుగుతున్నాను. ఇక్కడ డచ్చివాళ్ల సమాధుల తోట ఒకటుంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఈ రేవులో వ్యాపారం చేసి, ఇక్కడే చనిపోయిన మనుషుల పేర్లు నల్లరాళ్ల మీద చెక్కి ఉన్నాయి. మూడు వందల ఏళ్లు దాటినా వేలితో తడిమితే అక్షరం తగులుతుంది. ఒక రాయి ముందు కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

నాతో వచ్చిన సహోద్యోగి ఒక మాట అన్నాడు. "ఈ దొరలకి రాళ్లున్నాయండి. ఈ రేవు నుంచి లోపలి ఊళ్లకి ఉప్పు మోసింది మాత్రం లంబాడీల ఎద్దులంట. వాళ్ల గుర్తు ఒక్కటీ లేదు." నేను ఎవరి పిల్లనో ఆయనకు తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. దీపావళి వెళ్లిన రెండో రోజు మన ఇంట్లో ఉప్పు లేని కూడు వండుతాం కదా. ఎవరి కోసమని అడిగితే "బందరు ఉప్పుకు పోయినోళ్లకు" అనేది అవ్వ. చిన్నప్పుడు బందరంటే ఏదో దేవుడి పేరనుకున్నాను. నేను ఇప్పుడు అద్దెకుంటున్నది ఆ బందరులోనే. అవ్వా, ఆ పోయినోళ్లు ఎవరు?

మీ
సంగీత

* * *

తండా, బయ్యారం దగ్గర,
ఆగస్టు 30

సంగీతకు మీ బాపు రాస్తున్నది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది మీ అవ్వ. నాలుగోసారి చదవబోతే ఆపి, "రాళ్ల సంగతి చాలు. ఎద్దుల సంగతి సదువు" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇదంతా ఆమెకు వాళ్ల అత్త చెప్పిందట. మీ తాతకు ముత్తాత ఈ తండా నాయకుడు. చలికాలం ముందు ఎద్దుల మంద తోలుకుని, జొన్నలూ చింతపండూ వేసుకుని బందరు పోయేవాడు. వచ్చేటప్పుడు ఎద్దుకు రెండు పక్కలా గోనెలు వేలాడదీసి ఉప్పు తెచ్చేవాడు. ఆడవాళ్లు, పిల్లలు, కుక్కలు, కోళ్లు అన్నీ మందతోనే. ఒక ఏడు పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ముత్తాతా, ఇంకో ఇద్దరు మగవాళ్లూ వట్టి చేతులతో వచ్చారు. ముత్తాత భార్య గంగి రాలేదు. ఏమైందని అడిగితే "నీళ్లు" అన్నాడట. అంతకు మించి బతికినన్నాళ్లూ చెప్పలేదు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మనం ఆ రెండో పెళ్లి సంతానం.

"బావిలనా, వాగులనా?" అని అడిగాను. "ఎవలకెరుక? బందరు బాటల ఎన్ని వాగులు లేవు" అంది.

నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను కానీ ఇంట్లో ఉన్న ఈ సంగతి ఇంత వివరంగా ఎప్పుడూ అడగలేదు. మీ అవ్వకు ఒక కోరిక ఉంది. చోటు తెలియని చావుకు మెతుకు అందదని ఆమె నమ్మకం. "ఏడ పోయిన్రో పిల్లకు దొరుకుతదేమో సూడుమను. నేను పోయేలోపట తెలిస్తె మంచిగుంటది" అంది. నమ్మకమో కాదో, ఎనభై ఆరేళ్ల మనిషి అడిగింది. చూడు.

మీ అమ్మ నీ తిండి గురించి అడుగుతోంది. చేపలకు అలవాటు పడ్డావా?

బాపు

* * *

మచిలీపట్నం,
సెప్టెంబరు 21

బాపుకు, అవ్వకు,

ఈ ఉత్తరం చదివే ముందు అవ్వకు కాసిని నీళ్లివ్వు.

మా కేంద్రంలో పాత తుపానుల వివరాలుంటాయి. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా ఒక తుపాను గురించే చెబుతారు. 1864లో, నవంబరు ఒకటిన వచ్చింది. ఆ రాత్రి సముద్రం లేచి ఊరి మీదికి వచ్చేసింది. కోసుల దూరం లోపలికి వెళ్లింది. ముప్పై వేల మంది పోయారంటారు. శవాలను పూడ్చేందుకు మనుషులు మిగలలేదట.

నా పనిలో చంద్రుడి లెక్క అవసరం. అమావాస్యకు పోటు ఎక్కువ, ఆ సమయంలో తుపాను తీరం దాటితే నీళ్లు ఇంకా పైకి లేస్తాయి. మామూలు కుతూహలంతో ఆ ఏడాది అమావాస్య ఎప్పుడొచ్చిందో లెక్క కట్టాను. అక్టోబరు ముప్పై వచ్చింది. ఆశ్వయుజ అమావాస్య. అంటే దీపావళి.

బాపూ, ఉప్పెన వచ్చింది దీపావళి వెళ్లిన రెండో రోజు.

తప్పు చేశానేమోనని మళ్లీ కట్టాను. పాత పంచాంగం తెప్పించి చూశాను. అదే. నా కుర్చీలోంచి లేచి మిద్దె మీదికి వెళ్లి నిలబడ్డాను. అక్కడి నుంచి సముద్రం గీతలా కనిపిస్తుంది. నూట అరవై ఏళ్లుగా బయ్యారం అడవి పక్కన, సముద్రం ఎట్లుంటుందో ఎరగని ఆడవాళ్లు, ఎందుకో తెలియకుండానే ఒక తుపాను తేదీని పొయ్యి మీద గుర్తు పెట్టుకున్నారు. నా దగ్గరున్న యంత్రాలన్నీ దాని ముందు చిన్నవైపోయాయి.

అవ్వా, వాగు కాదు. బావి కాదు. నువ్వు అడిగిన చోటు ఈ తీరమే.

సంగీత

* * *

తండా,
అక్టోబరు 4

బిడ్డా,

నీ ఉత్తరం మీ అవ్వకు చదివి వినిపించాను. మధ్యాహ్నం అన్నం వద్దంది. సాయంత్రం గొడ్లు ఇంటికి వచ్చే వేళకు తనంతట తానే మొదలుపెట్టింది. "సముద్రమైతె ముత్తాత తప్పేమున్నది? ఇగ దాపుడెందుకు" అంది.

ఈ మాట మా నాయినకు కూడా తెలియదట. ముత్తాత తన రెండో భార్య ఒక్కదానికే చెప్పాడట, తర్వాత అత్త నుంచి కోడలికి మాత్రమే వచ్చింది. గంగికి ఒక ఆడపిల్ల ఉండేది. అయిదో ఆరో ఏళ్లు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినప్పుడు ముత్తాత ఆ పిల్లను ముందెద్దు మీద, ఉప్పు గోనెల నడుమ పగ్గంతో కట్టి, ఎద్దును వదిలేశాడు. మనిషి కంటే ఎద్దు ఈదుతుందని ఆశ. తర్వాత భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి జారిపోయింది. తెల్లవారి ఎద్దు కోసం వెతికాడు. చచ్చిన గొడ్లు వందలు కనిపించాయి కానీ ఆ ఎద్దు కనిపించలేదు. చచ్చి కూడా కనిపించలేదు.

ఉప్పు లేని కూడు రోజున ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తూ పాడే ఢావ్లో పాట నీకు తెలుసు. మగవాళ్లం బయటికి వెళ్లిపోతాం కనుక నేను ఎప్పుడూ సరిగా వినలేదు. అది గంగి తన పిల్లకు పాడిన పాటట, అందులో పిల్ల తల్లిని పిలుస్తుందట. చచ్చిపోయినవాళ్ల పాట అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ఏటి నుంచి అది రాని ఎద్దు కోసం ఎదురుచూసే పాట అయింది.

"గంగి బతికి వస్తె మనం పుట్టకపోదుము" అంది మీ అవ్వ, పడుకోబోతూ. నాకు నిద్ర పట్టలేదు.

బాపు

* * *

మచిలీపట్నం,
అక్టోబరు 15

బాపూ,

ఎక్కువ రాయలేను. అవ్వను రెండు విషయాలు అడుగు. ఆ పిల్ల పేరేమిటి? ఢావ్లో మొత్తం, మన లంబాడీ మాటలో, అవ్వ పలికినట్టే రాసి పంపు. నాకు తెలిసింది సగమే.

ఎందుకని అడగకు. అవ్వకు ఏమీ చెప్పకు.

సంగీత

* * *

మహబూబాబాద్,
అక్టోబరు 24

సంగీతకు,

పిల్ల పేరు లచ్చి. పాటను విడిగా ఒక కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. పలికేటప్పుడు అవ్వకు ఆయాసం వచ్చింది కనుక ఆగి ఆగి రాశాను. మొదటి పిలుపు "యాడీ యే" అని నాలుగుసార్లు లాగి పాడాలట. చివరిసారి గొంతు కిందికి దించాలి.

ఇక్కడ అందరం బాగున్నాం. మొక్కజొన్న కోత అయింది. నువ్వు ఏదో దాస్తున్నావని నాకు తెలుస్తూనే ఉంది. అడగవద్దన్నావు కనుక అడగను.

బాపు

* * *

మచిలీపట్నం,
నవంబరు 2

బాపుకు,

ఇప్పుడు అన్నీ చెబుతాను. తర్వాత నువ్వు ఒకటి చెప్పాలి.

ఊరికి తూర్పున ఉప్పుమళ్లున్నాయి. ఎండలో తెల్లగా, కళ్లు చెదిరేలా ఉంటాయి. గంగి చివరిసారి ఎక్కడ నిలబడి ఉంటుందో చూద్దామని అక్టోబరు మొదట్లో అటు వెళ్లాను. మళ్ల పక్కన చిన్న పల్లె. నేను ఒక ఇంటి అరుగు మీద మంచినీళ్లు తాగుతుండగా ఆ ఇంటికి ఒకతను వచ్చాడు. పడవల మీద గుజరాత్ వెళ్లి ఏడాది తర్వాత తిరిగొచ్చాడట. లోపలి నుంచి ఒక డెబ్బై ఏళ్ల మనిషి వచ్చి అతని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు. రాగం తీసి, లాగి, ఆపి, మళ్లీ అందుకుని. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

ఆమె పేరు నాంచారమ్మ, వచ్చినతను ఆమె కొడుకు. ఆమె తేరుకున్నాక ఆ ఏడుపు సంగతి అడిగాను. ఆమె నవ్వింది.

"మా ఇంటి ఆడోళ్ల ఏడుపది. ఊళ్లో అందరూ ఎగతాళి చేత్తారు. మా అమ్మ ఏడిసేది, అమ్మమ్మ ఏడిసేది. ఎవరన్నా చానాళ్లకి ఇంటికొత్తే అలాగే ఏడవాల."

"అందులో మాటలేమిటమ్మా?"

"ఏమో తల్లీ. ఒక్క మాటే తెలుత్తాది. 'ఏడీ, ఏడీ' అని. ఎవరో ఎవర్నో ఎతుక్కుంటున్నట్టుగా."

బాపూ, ఆమె అంటున్నది "యాడీ" అని. అమ్మా అని. తెలుగు చెవికి అది 'ఏది, ఎక్కడ' అన్నట్టు వినిపించింది. అయిదు తరాలుగా వాళ్లు ఎవరినో "ఎక్కడ, ఎక్కడ" అని వెతుకుతున్నామనుకుంటూ "అమ్మా అమ్మా" అని పిలుస్తున్నారు.

ఆ రోజు ఆమెకు సంగతి చెప్పకుండా వచ్చేశాను. నేను కోరుకున్నదే నా చెవికి వినిపించి ఉండవచ్చు. అందుకే నిన్ను పాటా, పేరూ అడిగాను. నీ ఉత్తరం చేతికొచ్చాక మళ్లీ వెళ్లి, ఆ పల్లెలో వాళ్ల ఇంటిని ఏమంటారని అడిగాను. "ఎద్దోళ్లు" అంది. ఎందుకు?

"మా అమ్మమ్మకి అమ్మమ్మ ఉప్పెనలో ఎద్దు మీద కొట్టుకొచ్చిందంట. ఇసక దిబ్బ మీద ఎద్దు నిలబడుందంట, పిల్ల దాని మీద కట్టేసుందంట. గోనెలు వట్టియంట. ఉప్పు మోసే ఎద్దయితే మునిగేదే. నీళ్లకి ఉప్పు కరిగిపోయింది, ఎద్దు తేలింది. ఉప్పు కరగబట్టి మేమున్నాం అనేది మా అమ్మమ్మ. ఆ పిల్ల మాట ఎవరికీ అర్థం కాలేదు. పేరు మాత్రం చెప్పిందంట, లచ్చి అని. ఎద్దు లచ్చమ్మ అనేవోరు."

లచ్చి అనే పేరు ఎవరికైనా ఉండవచ్చు. ఎద్దూ ఎవరిదైనా కావచ్చు. అప్పుడు నువ్వు పంపిన కాగితం తీసి నెమ్మదిగా పాడాను. నా గొంతు మంచిది కాదు. రెండో చరణం సగంలో ఉండగా నాంచారమ్మ కళ్లు మూసుకుని, నేను ఇంకా పలకని మిగతా సగాన్ని తన అరిగిపోయిన మాటల్లో ముగించింది.

తర్వాత నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని అక్షరాలను వేలితో తడిమింది.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం పైన మహబూబాబాద్ అని ఎందుకుంది? అలవాటు కొద్దీ ఎక్కడి నుంచి రాస్తే ఆ ఊరు వేస్తావు, నాకు తెలుసు. ఫోనులో అడిగితే బాగుందనే అంటున్నావు. అవ్వ ఎట్లుంది?

సంగీత

* * *

మహబూబాబాద్ దవాఖాన,
నవంబరు 8

బిడ్డా,

దొరికిపోయాను. మీ అవ్వకు గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నువ్వు ఆ ఊరికి కొత్త, పరేషాన్ అవుతావని చెప్పలేదు. మీ అన్న రాకేశ్ భూపాలపల్లి గనిలో సెలవు పెట్టి వచ్చాడు. రాత్రులు వాడు, పగలు నేను కాపలా ఉంటున్నాం.

నీ ఉత్తరం ఆమె చెవి దగ్గర కూర్చుని చదివాను. ఇసుక దిబ్బ దగ్గరికి వచ్చేసరికి కాగితం రాకేశ్ చేతికిచ్చాను. ముప్పై ఏళ్ల మాస్టరును, ఒక వాక్యం చదవలేకపోయాను. రాకేశ్ అందుకుని పూర్తి చేశాడు. పక్క మంచం మీది పెద్దమనిషి కూడా లేచి కూర్చున్నాడు.

మీ అవ్వ అడిగిన మొదటి మాట: "ఎద్దు నిలబడ్డదా?"

"నిలబడ్డదవ్వా" అన్నాడు రాకేశ్.

"పిల్లను దింపుకున్నంక దానికి గడ్డేసిన్రా?"

ఆ సంగతి నువ్వు రాయలేదు. వేశారని చెప్పాం.

కాసేపటికి, "సచ్చినోళ్లకు మెతుకు పెడదామనుకున్న. ఆడ బతికినోళ్లున్నరు. నన్ను తోల్కపోన్రి" అంది. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

నాంచారమ్మను రమ్మని అడగడానికి మనకు ఏ హక్కూ లేదు. అయినా అడగమంటున్నాను.

బాపు

* * *

మచిలీపట్నం,
నవంబరు 17

బాపుకు,

అడిగాను. మొదట వాళ్ల అబ్బాయి కోపగించుకున్నాడు. "ఎవరో కొత్తవాళ్లొచ్చి మీరు మావాళ్లంటే అయిపోద్దా? మా పిల్లల పెళ్లిళ్లవ్వాలి. మేము ఎవరమని చెప్పుకోవాలి రేపు?" అన్నాడు. అతనిది తప్పు కాదు. హాస్టల్లో నా మాట విని నవ్వినవాళ్ల మధ్య నాలుగేళ్లు నేను ఏ తండా పిల్లనో చెప్పుకోలేదు. అతని భయం నాకు తెలిసినదే. మీ ఇంట్లోంచి మేము తీసుకునేదేమీ లేదు, ఒక ముసలమ్మ చూడాలనుకుంటోంది, అంతే అని చెప్పి వచ్చేశాను.

మూడు రోజులు కబురు లేదు. నిన్న నాంచారమ్మే మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది.

"మా లచ్చమ్మ సచ్చేదాకా ఎవరో వత్తారని పడమటికి సూసేదంట. ఎవరూ రాలేదు. ఇప్పుడు నువ్వొచ్చావు. నేనెళ్లకపోతే ఎట్టా? మావోడు కూడా వత్తాడు, నే చెప్పా" అంది.

విజయవాడ దాటి ఎరగని మనిషి. రేపు ఇద్దరినీ రైలెక్కిస్తాను. ఈ ఉత్తరం చేరేలోపే వాళ్లొస్తారు కనుక దీన్ని ఫోటో తీసి రాకేశ్ ఫోనుకు కూడా పంపుతున్నాను. నేను రాలేను. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, సెలవులు రద్దు చేశారు. ఈ తీరం వైపు వస్తుందో లేదో ఇంకా తేలలేదు. ఈసారి ఈ పల్లెలకు ముందుగా కబురు చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ కుర్చీ వదిలి రావడం నా వల్ల కాదు.

స్టేషనులో వాళ్లను గుర్తుపట్టడం సులువు. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుంటానంది.

సంగీత

* * *

తండా,
నవంబరు 29

సంగీతకు,

వాయుగుండం ఒడిశా వైపు మళ్లిందని విన్నాం. నువ్వు ఇప్పటికైనా నిద్రపోయి ఉంటావు. జరిగింది వరసగా రాస్తాను.

స్టేషనులో దిగగానే నాంచారమ్మ నన్ను తేరిపార చూసి, "మా మావయ్య ముక్కే" అంది. ఆమె కొడుకు నా చేతికి సంచి ఇవ్వలేదు, తనే మోసుకున్నాడు. ముళ్ల మీద నిలబడ్డట్టున్నాడు పాపం.

దవాఖానలో ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయింది. మీ అవ్వ తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరు ముందు మొదలుపెట్టారో నేను చెప్పలేను. మెడల చుట్టూ చేతులు పడ్డాయి, రాగం లేచింది. నర్సు ఆపడానికి పరుగున వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఈసారి బయటికి వెళ్లలేదు. ఒకరు మన మాటలో, ఒకరు ఏ భాషా కాని మాటల్లో పాడారు. ఎక్కడా తాళం తప్పలేదు. ఆ గదిలో పిల్ల ఉంది, తల్లి ఉంది, ఎద్దు ఉంది. అంతకంటే రాయడం నాకు చేతకాదు. నాంచారమ్మ కొడుకు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం చూశాను.

తర్వాత మీ అవ్వ నెమ్మదిగా తేరుకుంది. డాక్టరు మందు పనిచేసిందన్నాడు. కాదని నేను అనను. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. వాళ్లిద్దరూ మనతోపాటే వచ్చి వారం ఉన్నారు. తండా అంతా వచ్చి చూసింది. నాంచారమ్మ మనకు ఏ వరస అవుతుందో తేల్చడానికి ముసలివాళ్లు ఒక పూట వాదించుకున్నారు. మీ అవ్వ ఒక్క మాటతో తెంపేసింది. "లచ్చి ఈ ఇంటి ఆడబిడ్డ. లచ్చి కడుపున పుట్టినోళ్లకు ఇది అమ్మగారిల్లు. వరసలెందుకు?"

నిన్న వాళ్లు బయల్దేరారు. నేను ఆటో పిలవబోతే మీ అవ్వ వద్దంది. ఆడవాళ్లందరినీ పిలిపించింది. నాంచారమ్మకు కొత్త చీర పెట్టి, నుదుట బొట్టు పెట్టి, పెళ్లయిన పిల్లను సాగనంపినట్టు తండా అంతా నడిచి రోడ్డు దాకా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి తల వంచుకుని, కొత్త పెళ్లికూతురిలాగే అడుగులో అడుగు వేసి నడిచింది. ఎవరూ నవ్వలేదు. మీ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి రాకేశ్, నాంచారమ్మ కొడుకు చెరో వైపు పట్టుకుని మోశారు.

బస్సు ఆగింది. ఇంత మందిని చూసి కండక్టరు దిగి, "ఏందవ్వా, ఎటు పోతాంది ఈ పెద్దమ్మ?" అని అడిగాడు.

మీ అవ్వ కుర్చీలోంచే నాంచారమ్మ కొంగు సర్ది చెప్పింది.

"మా పిల్ల. అత్తగారింటికి పోతాంది. బందరు. జర పైలంగ తోల్కపో."

బాపు